ఎండలో పెట్టిన గాజు గొట్టం

కార్తీకం రెండో సోమవారం, పగలు పదకొండు గంటలా పది నిమిషాలకు సిరొంచలో కరెంటు పోయింది.

రోజూ పోయే కరెంటే. అది పోయిన వేళ ఎవరికీ గుర్తుండదు. నాకు గుర్తుంది. అప్పుడు నేను మా కాలేజీ రసాయన ప్రయోగశాల గుమ్మంలో స్టూలు వేసుకుని, ఎదుటి గోడ మీది గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. లోపల ఒక ఆడపిల్ల మూడేళ్ల చదువు ఉండడమా పోవడమా అన్నది ఆ గంటలో తేలాలి. దీపం వెలిగి పది నిమిషాలైనా కాలేదు. టప్పున ఆరిపోయింది.

ప్రయోగశాలల్లో కొత్తగా అటెండర్లుగా చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను చదువుకున్నవాణ్ణి కాదు. భామ్రాగడ్‌లో ఆశ్రమ పాఠశాల వంటశాలకు నీళ్లు మోశాను, ఏటపల్లిలో ఆఫీసు ఊడ్చాను, చివరికి సొంత ఊరు సిరొంచ కాలేజీలో పడ్డాను. అన్నీ మరాఠీ రాష్ట్రం ఊళ్లే. నలభై దాటాక నా భార్య నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది. ఆమె గోదావరి అవతలి ఒడ్డు మనిషి, ఏడో తరగతి చదివింది. తప్పు రాస్తే బలపం లాక్కునేది. అందుకని సూటిగా రాయడమే నాకు తెలుసు.

ముందు ఆ దీపం సంగతి చెప్పాలి.

మా ప్రయోగశాలలో బీరువా అంత చెక్కపెట్టె ఉండేది. లోపలంతా తళతళలాడే వెండి కాగితం అంటించి ఉంటుంది. మధ్యలో నిలువుగా ఒక దీపం, దాని చుట్టూ దళసరి గాజు తొడుగు. మామూలు గాజు కాదు, క్వార్ట్జ్ అంటారు. ఆ దీపంలోంచి వచ్చేది అతినీలలోహిత కాంతి. అది కంటికి కనబడదు కానీ కళ్లను పాడు చేస్తుంది. అందుకని వెలిగేటప్పుడు పెట్టె తలుపు తీయకూడదు. వెలుగుతోందా లేదా చూసుకోవడానికి తలుపుకు నల్లద్దం వేసిన చిన్న కన్నం ఉంటుంది. అందులోంచి ఊదారంగు వెలుగు కనబడితే దీపం వెలుగుతోందని అర్థం.

దాంతో పని చేసే పిల్ల బామ్ని నుంచి వచ్చేది. వాళ్లది ఏటి ఒడ్డున వరి పండించే కుటుంబం. పీహెచ్‌డీ కోసం మా సారు దగ్గర చేరింది. ఆమె చేసే పని చూడ్డానికి చిన్నదే. సిల్వర్ నైట్రేట్ అనే వెండి ఉప్పు కలిపిన నీళ్లు, అందులో పైరోల్ అనే ఘాటు వాసన ద్రవం కొన్ని చుక్కలు, అందులో మునిగేలా పలుచటి ప్లాస్టిక్ రేకు ముక్క. గాజు గొట్టంలో పోసి ఆ దీపం ముందు పెడుతుంది. కాసేపటికి నీళ్లు నల్లబడతాయి, రేకు మీద నల్లటి పొర కడుతుంది.

"ఇందులో ఏముందే బిడ్డా, మసి గదా?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"మసి గాదు కాకా. వెలుగు పడంగనే ఉప్పుల నుంచి వెండి విడిపోతది. కంటికి ఆననంత చిన్న చిన్న వెండి గింజలు. ఆ పైరోలేమో ఒకదానికొకటి పట్టుకొని గొలుసు కడ్తది. రెండు గలిసి ఈ పొర. ప్లాస్టికే, గని కరెంటు పారుతది."

"ప్లాస్టిక్‌ల కరెంటా? నా చెప్పులు గూడ ప్లాస్టిక్కే. మరి వాటిని పట్టుకుంట వైరు ముట్టుకోనా?"

"ముట్టుకోకు కాకా, నీ పింఛను కాగితాలు ఇంక గాలే," అని నవ్వింది.

నవ్వే పిల్ల. వర్షాకాలంలో ఆమె చేసిన రేకు మీద కరెంటు కొలిచే మీటరు తీగలు ఆనిస్తే ముల్లు చివరిదాకా లేచి కొట్టుకుంది. సారు మురిసిపోయాడు. ఆయన చంద్రపూర్ వైపు మరాఠీ మనిషి. ఆయన మాటలు తెలుగులోకి మార్చి రాస్తున్నాను. మంచి మనిషే, కానీ అనుమానం ఎక్కువ. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే రకం. ఆ ఫలితాన్ని విశ్వవిద్యాలయానికి రాసి పంపాడు. అక్కడివాళ్లు బాగుందన్నారు. వచ్చి చూస్తాం, మా కళ్ల ముందు మళ్లీ చేసి చూపించాలి అన్నారు.

అక్కడి నుంచి కథ అడ్డం తిరిగింది. దసరా సెలవులయ్యాక ఆ పిల్ల మళ్లీ చేయబోతే పని కాలేదు. నీళ్లు మసకబారుతున్నాయి అంతే. రేకు మీద టీ మరకలాంటి రంగు. మీటరు ముల్లు కదలదు. వెండి ఉప్పు కొత్త సీసా తెరిచింది, కాలేదు. పైరోల్ మళ్లీ వడగట్టింది, కాలేదు. నీళ్లలో ఏదో కలిసిందని, ఆవిరి చేసి చల్లార్చి బట్టీ నీళ్లు పట్టే యంత్రాన్ని విప్పి కడిగించింది. మా స్టోరుకీపరు మీదా నా మీదా అనుమానపడింది కూడా.

"కాకా, నిజం జెప్పు. బట్టీ నీళ్ల డబ్బాల బోరింగు నీళ్లు గిట్ల పోసిన్రా?"

"పోస్తే నీళ్లు పాలలెక్క తెల్లగ విరుగుతయని నువ్వే గదా చెప్పినవ్. విరిగినయా?"

"లేదు."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్?"

"ఎవలనన్న అడగాలె గద కాకా," అంది.

దీపాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. కన్నంలోంచి చూస్తే ఊదా వెలుగు ఎప్పటిలాగే కనబడుతోంది. వెలిగే దీపాన్ని ఎవరు తప్పుపడతారు?

ఒకరోజు సారు నన్ను పక్కకు పిలిచాడు. "ఈ పిల్ల వర్షాకాలంలో చూపించిన రేకు నిజంగా ఇక్కడ తయారైందేనా? ఎక్కడి నుంచో వెండి పూత రేకు తెచ్చి చూపించిందేమో. ఇకనుంచి ఆమె పని చేసేటప్పుడు నువ్వు గుమ్మంలో కూర్చో. చేతులు చూడు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ ఉద్యోగం. కూర్చున్నాను. చాటుగా చూడటం నా వల్ల కాదు, మొదటిరోజే చెప్పేశాను.

"సారు నీ చేతులు చూడుమన్నడు బిడ్డా. చూస్తున్న."

ఆ పిల్ల గొట్టం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. వెండి ఉప్పు తగిలి ఆమె వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. వాటినే చూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"చూడు కాకా. బాగ చూడు. కండ్లు మూయకుంట చూడు. రేపు నా దిక్కు చెప్పెటానికి ఒక్క సాక్షన్న కావాలె."

"నువ్వు అబద్ధం ఆడినవా?"

"ఆడలే."

"అయితే ఏడ్వకు. పని చెయ్."

అప్పటి నుంచి రోజూ చూశాను. ఆమె చేతుల్లో ఏ మోసమూ లేదు. అయినా పని కాలేదు.

విశ్వవిద్యాలయం నుంచి రావాల్సిన ఇద్దరూ ఆ సోమవారం పొద్దున అడవి దారిలో జీపులో వచ్చారు. ఒకాయన తలంతా నెరిసిన పెద్ద ప్రొఫెసరు. రెండో ఆమె నడివయసు మేడం, సన్నగా, అద్దాలు గొలుసుకు వేలాడుతూ. దారి గుంతలకు ఇద్దరి నడుములూ పట్టేశాయి. పెద్దాయన దిగుతూనే, "చీకటి పడకముందే అడవి దాటాలి. తొందరగా కానివ్వండి," అన్నాడు. ఆ రోజు ఫలితం రాకపోతే ఆమె నమోదు రద్దవుతుంది, ముందు చూపించిందంతా అబద్ధమని రాస్తారు. సారు ఈ మాట ఆమె ముందే అన్నాడు. ఆయన పరువూ అందులోనే ఇరుక్కుంది మరి.

వరండాలో ఇంకో మనిషి ఉన్నాడు, ఆ పిల్ల నాయన. బామ్ని నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. భుజాన తువ్వాల, చేతిలో పుల్ల.

"పరీచ్చ ఎంతసేపుంటదన్నా?" అని అడిగాడు నన్ను.

"పరీక్ష గాదు బాపూ. మంత్రం పని చేస్తదా లేదా చూస్తరు."

"మంత్రమా! మా పిల్ల దానికెందుకు వోయింది?" అని పరేషాన్ అయ్యాడు. నా నోటితీట.

పిల్ల గొట్టం దీపం ముందు పెట్టింది. తలుపు వేసింది. మీట నొక్కింది. కన్నంలో ఊదా వెలుగు వచ్చింది. పది నిమిషాలైనా కాకముందే ఆరిపోయింది. కాలేజీకి జనరేటరు ఉంది కానీ దాని తీగ ఆఫీసుకే పోతుంది, ప్రయోగశాలకు రాదు.

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. సారు ఫోన్ తీసి విద్యుత్తు ఆఫీసుకు కొట్టాడు. ఎవరూ ఎత్తలేదు. స్టోరుకీపరు నా పక్కన చేరి గుసగుసలాడాడు. సిరొంచ బజారులో వాళ్లది కిరాణా దుకాణం. పనికన్నా పూజల మీద శ్రద్ధ ఎక్కువ మనిషికి.

"అన్నా, మంచిగైంది. కరెంటు లేక కాలేదంటరు. పిల్ల బతికింది."

"మళ్లొస్తరురా. మళ్లొచ్చినప్పుడు గూడ కరెంటు పోవాల్నా?"

లోపల పెద్దాయన లేచాడు. "దీపం లేకుండా ఏం చూస్తాం? కాలేదని రాసుకుని పోతాం. మళ్లీ రావడం మా వల్ల కాదు."

అప్పుడు ఆ పిల్ల అంది. ఆమె మరాఠీ నాకన్నా బాగుంటుంది. మరాఠీలోనే అంది. "సార్, బయట ఎండ ఉంది. ఎండలో కూడా ఈ కిరణాలు ఉన్నాయి. దీపంలో ఉన్నంత లేవు, కానీ ఉన్నాయి. ఒక గంట ఇవ్వండి."

"రాసి పంపింది దీపం గురించి. ఎండ గురించి కాదు," అన్నాడు సారు.

గొలుసు అద్దాల మేడం కల్పించుకుంది. "ఎండకు మన జీపులాగా డీజిల్ ఖర్చు లేదు కదా. పెట్టనివ్వండి," అంది. పిల్ల వైపు తిరిగి, "కానీ రెండు గొట్టాలు కలుపు. ఒకే సీసాలోంచి, నా ముందే. ఒకటి ఎండలో పెట్టు. రెండోదానికి నల్ల కాగితం చుట్టి పక్కనే పెట్టు," అంది.

పిల్ల కలిపింది. మేడం ఒక పక్క, నేను ఒక పక్క ఆమె చేతులు చూశాం. రెండు గొట్టాలూ స్టాండుకు బిగించి ముంగిట్లో, చెట్టు నీడ పడని చోట పెట్టింది. ఒకటి వెలుగులో, ఒకటి నల్ల కాగితంలో.

నాయన వరండా దిగి వచ్చాడు.

"గిది గీడ పెడ్తే కోళ్లొస్తయి బిడ్డా. వెనుక క్వార్టర్లల్ల కోళ్లున్నయ్, చూసిన."

"కోళ్లేమంటయే బాపూ?"

"ఏమంటయా? వడ్లు ఎండవోస్తె ఏమంటయో గదే అంటయ్. తన్ని పడగొడ్తయ్. నువ్వు జరుగు, నేను చూస్త."

తువ్వాల తలకు చుట్టుకుని, పుల్ల పట్టుకుని గొట్టాల పక్కన గొంతు కూర్చున్నాడు. కళ్లంలో వడ్లకు కాపలా కూర్చున్నట్టే. కాసేపయ్యాక నన్ను పిలిచాడు.

"అన్నా, గిదాన్నెందుకు మూట గట్టిన్రు?"

"దాని మీద ఎండ పడొద్దు. ఇది నల్లబడి అది నల్లబడకపోతే ఎండే చేసిందని అర్థం."

"అంటె నాట్లేసిన మడి పక్కన ఇడిసిపెట్టిన మడి లెక్క."

"గంతే," అన్నాను. నాకూ అంతకన్నా తెలియదు.

పావుగంట దాకా ఏమీ లేదు. సారు వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు. పెద్దాయన కుర్చీలో కళ్లు మూసుకున్నాడు. స్టోరుకీపరు పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి మొక్కుతున్నాడో. పిల్ల మాత్రం గోడకు ఆనుకుని నేల చూస్తోంది. గొట్టం వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదేమో.

"బిడ్డా," అన్నాడు నాయన లేవకుండానే. "నీ నీళ్లు ఆగమైనయే. నల్లగైతున్నయ్."

ఆ మాట ఆయన భయపడుతూ అన్నాడు. పాడైపోయాయనుకున్నాడు. పిల్ల పరుగెత్తింది. మేడం అద్దాలు పెట్టుకుంటూ ఆమె వెనకే నడిచింది. గొట్టంలో ఎండ తగిలిన వైపు నుంచి నలుపు దిగుతోంది, సిరా చుక్క వేసినట్టు. మేడం గంట నిండేదాకా ఆగమంది. ఆగాం. ఆ తర్వాత రేకు బయటికి తీసి, కడిగి, ఆరబెట్టి, మీటరు తీగలు ఆనించింది పిల్ల.

ముల్లు లేచింది.

వర్షాకాలంలో లేచినంత కాదు, సగానికి పైగా. నల్ల కాగితం విప్పారు. అందులో నీళ్లు కాస్త మసకబారాయి, అంతే. ఆ రేకు మీద ముల్లు చచ్చినట్టు పడుకుంది.

నాయన పిల్ల ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. "అయిందా, పోయిందా?"

"అయింది బాపూ," అన్నాను. "నీ పిల్ల అబద్ధం ఆడలే."

"ఆడిందని ఎవలన్నరు?" అని పుల్ల పట్టుకుని లేచాడు. సారు నా వైపు చూడలేదు.

పిల్ల అక్కడే ముంగిట్లో చతికిలబడి, నల్లటి వేళ్లతో ముఖం కప్పుకుని ఏడ్చింది. అన్ని రోజులూ ఆపుకున్నదంతా వచ్చింది. నాకు భుజాల మీంచి బియ్యం మూట దించినట్టయింది. రోజూ గుమ్మంలో కూర్చుని చూశాను కదా, ఆమె తప్పయితే నా కళ్లదీ తప్పేనన్న భయం నాకు అప్పటిదాకా ఉండింది.

మేడం మాత్రం తృప్తిపడలేదు. "ఎండలో అయింది, దీపం ముందు కాలేదు. అంటే నీ పదార్థాల్లో లోపం లేదు. లోపం దీపంలో ఉంది. పెట్టె తెరవండి," అంది.

కరెంటు లేదు కాబట్టి భయం లేదు. తలుపు తీశాను. స్టోరుకీపరు బ్యాటరీ లైటు పట్టాడు. మేడం తల లోపల పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. బయటికి వచ్చి, "ఈ తొడుగు మీద గోధుమరంగు పొర ఏమిటి? కింద ఒక ఎర్రచుక్క కూడా ఉంది," అంది.

స్టోరుకీపరు లైటు దగ్గరగా పెట్టి చూసి నాలుక కరుచుకున్నాడు.

అప్పుడు మా అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. దసరా ముందు రోజు ఆయుధ పూజ చేశాం. మరాఠీవాళ్లు ఖండే నవమి అంటారు. పనిముట్లన్నీ కడిగి, బల్ల మీద వరసగా పేర్చాం. తక్కెడ, స్పానర్లు, గ్యాసు పొయ్యి, వాటి మధ్య ఆ దీపం గాజు తొడుగు. పెట్టెకు ప్రాణం అదే అని స్టోరుకీపరే విప్పి తెచ్చి పెట్టాడు. ఇంటి గడపకు రాసినట్టు దానికి నిండా పసుపు రాశాడు. బొట్టు ఆ పిల్ల పెట్టింది. హారతి పళ్లెం నేను పట్టాను. కొబ్బరికాయ సారు కొట్టాడు.

"తడిబట్టతోని తుడిచే పెట్టిన గదా!" అన్నాడు స్టోరుకీపరు.

"తుడిస్తే పోతదారా పసుపు? పెళ్లయిన పదిరోజులకు గూడ చేతులకుంటది," అన్నాను.

పలుచగా మిగిలిన పసుపు దీపం వేడికి గాజుకు పట్టుకుని మాడింది. కంటికి కనబడే ఊదా వెలుగు దాంట్లోంచి కొంత బయటికొస్తోంది. పని చేసే కిరణాలను మాత్రం పసుపు మింగేస్తోంది. కన్నంలోంచి చూసి మేమంతా దీపం బాగానే ఉందనుకున్నాం.

మేడం ఇది విని నవ్వాపుకోలేకపోయింది. "పసుపు ఎక్కడిది?" అని అడిగింది.

"మా దుకాణందే మేడం," అన్నాడు వాడు, తల వంచుకుని. అయినా ఊరుకోలేక, "కల్తీ లేనిది," అన్నాడు.

"తెలుస్తూనే ఉంది. కల్తీదైతే ఈ వేడికి ఎప్పుడో ఎగిరిపోయేది. వెళ్లేటప్పుడు నాకో పొట్లం కట్టివ్వు."

అప్పుడు నవ్వారు అందరూ. పెద్దాయన కూడా. సారు అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు. తర్వాత ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, "కొబ్బరికాయ కొట్టింది నేనే కదా," అన్నాడు. క్షమాపణ అన్న మాట ఆయన నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. అదే ఆయన చెప్పగలిగినంత. పిల్లకు అది చాలింది. "బొట్టు నేను పెట్టాను సార్," అంది.

స్పిరిటు పోసి దూదితో తొడుగును రుద్దాడు స్టోరుకీపరు. రుద్దిన చేతులు పచ్చబడ్డాయి కానీ గాజు తేటపడింది. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. పిల్ల మళ్లీ కలిపింది. దీపం ముందు పెట్టింది. ఈసారి ముల్లు చివరిదాకా వెళ్లి టక్కుమంది. పెద్దాయన కుర్చీలోంచి లేచి మరీ చూశాడు. అడవి దాటే సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ పిల్లకు ఇప్పుడు డాక్టరు పట్టా ఉంది. ఇంకో ఊళ్లో పాఠాలు చెబుతోంది. ఆమె వేళ్లు ఇప్పటికీ నల్లగానే ఉంటాయట.

కొత్తగా పనిలో చేరిన పిల్లలూ, మీకు రెండు మాటలు. పూజ మానుకోమని నేను చెప్పను. మేమూ మానలేదు. పెట్టె కాలికి బొట్టు పెట్టండి, తలుపుకు దండ వేయండి. గాజుకు మాత్రం చేయి తగలనివ్వకండి. ఇక ఎవరైనా మిమ్మల్ని ఎవరి చేతులైనా కనిపెట్టి చూడమని కూర్చోబెడితే, ఆ సంగతి ఆ మనిషికే ముందు చెప్పండి. నాకు ఆ వారాల్లో తిన్న అన్నం అరిగింది ఆ ఒక్క పని చేసినందుకే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: కొబ్బరికాయ కొట్టిన సారు, పసుపు రాసిన స్టోరుకీపరు, బొట్టు పెట్టిన పిల్ల, హారతి పట్టిన నేను, నడుము పట్టేసిన పెద్ద ప్రొఫెసరు, పసుపు పొట్లం తీసుకుని మరీ వెళ్లిన మేడం, బామ్ని నుంచి వచ్చి గంట నిండేదాకా ఎండలోంచి లేవని నాయన. కోడి ఒక్కటి కూడా రాలేదు.